పండుగప్ప తలకాయ

ఆ రోజుల్లో ఈర్ష్య పడడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, పక్కవాడి చొక్కాకి ఇస్త్రీ ఉంటే చాలు. నాకైతే పెద్ద కారణమే దొరికింది. అరవైల చివర్లో యూనివర్సిటీ వాళ్ళు నెల్లూరులో పై చదువుల కేంద్రం ఒకటి తెరిచి, లెక్కలు చేసే యంత్రాల వెనకుండే శాస్త్రం చెప్పడానికి ఒక ప్రొఫెసరు కావాలన్నారు. (యంత్రం మాత్రం లేదు. మాలో దాన్ని చూసినవాడూ లేడు.) నేనక్కడ తాత్కాలిక ట్యూటరుని. ఎవరూ దొరక్కపోతే ఆ పాఠాలు నాకే అప్పగించి, లెక్చరర్ని చేస్తామని మా పెద్ద మాస్టారు నోరు జారారు. ఆ మాట పట్టుకుని నేను అప్పటికే ఒక కోటు కుట్టించుకున్నాను.

తీరా కలకత్తాలో చదువుకున్న ఒకాయన దరఖాస్తు పెట్టాడు. దిగడానికి మంచి చోటు లేదని, "మీ ఇంట్లో రెండ్రోజులు పెట్టుకోవయ్యా" అంటూ ఆయన్ని నాకే అంటగట్టారు మాస్టారు. మా అమ్మ మైపాడు రేవులో చేపలమ్మి నన్ను చదివించిన మనిషి. వచ్చినాయన చేపలు ఇష్టంగా తింటాడని తెలిసేసరికి ఆమెకి కాలు నేల మీద నిలవలేదు. మామిడికాయ వేసి పండుగప్ప పులుసు పెట్టి, ఊహ తెలిసినప్పటినుంచీ నాకే దక్కుతున్న తలకాయని తీసి ఆయన విస్తట్లో వేసింది. "అమ్మా, అది..." అన్నాను. "ఇంటికొచ్చిన మనిషిరా, నువ్వు తోక తిను" అంది. ఉద్యోగం పోతే పోయింది గానీ, తలకాయ పోవడం మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

తిన్నాక ఆయన, మర్నాడు ఎంపిక కమిటీ ముందు చెప్పబోయే పాఠాన్ని మా అమ్మకి చెప్పి చూసుకున్నాడు. "గంపెడు చేపల్ని చిన్నాపెద్దా వరసలో పేర్చాలమ్మా. ఒక్కో చేపనీ మిగతా అన్నిటితో పోలుస్తూ పోతే పొద్దుగూకుతుంది. అదే రెండు కుప్పలు చేసి, విడివిడిగా పేర్చి, తర్వాత కలుపుకుంటే?"

"ఇదేంది నాయనా, మేం ఆడోళ్ళం రేవులో రోజూ చేసేది ఇదేగదా!" అంది అమ్మ. ఆరు నెలలుగా పుస్తకం ముందేసుకున్నా నా బుర్రకెక్కని సంగతి ఆమెకి అయిదు నిమిషాల్లో ఎక్కింది. నా కడుపు భగ్గుమంది.

అప్పుడు నేనో పాడుపని చేశాను. "సార్, కమిటీలో మనకు స్థలమిచ్చిన బుచ్చిరెడ్డిపాలెం మిల్లు ఆసామి ఉంటారు. చేపలూ గంపలూ అంటే చులకనైపోతారు. బోర్డు నిండా గుర్తులు రాయండి, తెలుగు ముక్క రానీయబాకండి" అన్నాను. పాపం, నమ్మాడు. మర్నాడు గంటసేపు ఇంగ్లీషులో దంచాడు. మూడుసార్లు నిండిన బోర్డుని నేనే తుడిచాను, ప్రతిసారీ ఆనందంగా. ఆసామి గారు కళ్ళు మూసుకున్నారు. పాఠం అయ్యాక తెరిచి, "నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు" అన్నారు. నా గుండె గంతేసింది. ఆయన ఇంకా ముగించలేదు. "నాకే అర్థమయ్యేదైతే దానికి ప్రొఫెసరెందుకయ్యా? ఇంత చదివిన మనిషిని పోనీయబాకండి, ఈ పొద్దే కాయితం ఇచ్చేయండి!"

ఆ మధ్యాహ్నం అమ్మ మళ్ళీ పండుగప్పే వండింది. గరిటెతో తలకాయ తెస్తుంటే ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "ఇది మీవాడికి వెయ్యండమ్మా. తన సలహా వల్లే నాకీ ఉద్యోగం వచ్చింది" అన్నాడు. అమ్మ నావంక మురిసిపోతూ చూసింది. ముల్లు ఒక్కటీ గుచ్చుకోలేదు గానీ, ఆ తలకాయ నాకు గొంతు దిగలేదు.

క్లాసులో మాత్రం ఆయన చేపలతోనే చెప్పాడు. వెనక బెంచీలో కూర్చుని, పళ్ళు కొరుక్కుంటూనే నేర్చుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్ళు అదే పాఠం నేనూ చెప్పి, "ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నా" అని పిల్లల ముందు గొప్పలు పోయాను. ఆయన దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి నాకు నోరొచ్చింది రిటైరైన రోజునే. ఆ రోజు కూడా, దాచడమెందుకు, కొంచెం కడుపు మండింది.