వానను ఆపే బొమ్మ

మా ఆయనకు కంపెనీవాళ్ళు జపాన్‌లో ఏడాది పని ఇచ్చినప్పుడు మా ఊరు తనకల్లులో బంధువులంతా అన్నది ఒకటే మాట: "ప్రకృతి చూసి రాపోండి." ప్రకృతి మాకు తెలియనిదా? చేలో నిలబడితే కంటికి ఆనినంత దూరం అదే కదా, మధ్యలో ఒక్క చెట్టయినా అడ్డం రాకుండా!

నగానో కొండల్లో మాకు ఇల్లిచ్చారు. ఏప్రిల్‌లో పక్కింటి పెద్దావిడ చెర్రీ పూలు చూపించడానికి మమ్మల్ని ఏటిగట్టుకు తీసుకెళ్ళింది. ఊరంతా చెట్ల కింద పట్టలు పరుచుకుని కూర్చుంది. లేతరంగు రేకులు టీ కప్పుల్లో, మా నెత్తిన రాలుతున్నాయి. నేను తల పైకెత్తి చూస్తుంటే మా ఆయన చెవిలో అడిగాడు.

"కాయలు ఎప్పుడు కాస్తాయంట?"

"ఇవి కాయవంట."

"కాయని చెట్టుకు ఇంత తిర్నాలా?"

చెనిక్కాయ రైతు ఇంట్లో పుట్టినవాడి సౌందర్యదృష్టి అంతవరకే.

జూన్‌లో వాన మొదలైంది. ఇక ఆగలేదు. మా ఆయన పని నుంచి వచ్చి, కుర్చీ వేసుకుని, చూరునీళ్ళను సినిమా చూసినట్టు చూసేవాడు. పెద్దావిడ మాత్రం ఆ వాన తన తప్పే అయినట్టు రోజూ క్షమాపణ చెప్పేది. ఆదివారం మమ్మల్ని జలపాతానికి తీసుకెళ్ళాలని ఆమె ఆశ. ముందురోజు తెల్లగుడ్డతో చేసిన చిన్న బొమ్మ తెచ్చి మా కిటికీకి కట్టింది. ఇది వానను ఆపుతుందని ఫోన్‌లో తర్జుమా చేసి చూపించింది.

ఆమె అటు వెళ్ళగానే మా ఆయన బొమ్మను విప్పేశాడు.

"మన ఊర్లో కప్పలకు పెండ్లి చేసి వానను పిలుస్తాండారు. నేను ఈడ కూర్చోని దాన్ని పొమ్మంటానా? తెలిస్తే ఊర్లో అడుగు పెట్టనిస్తారా?"

ఆదివారం కుండపోత. ఆమె వచ్చి, ఖాళీ కిటికీ చూసి చిన్నబోయింది. నేను సిగ్గుతో చచ్చాను. మా ఆయన కప్పల పెళ్ళి మొదలుకొని ఎండిన బోర్ల దాకా ఫోన్‌కు చెప్పుకున్నాడు. అది జపాన్ భాషలో ఏమని చెప్పిందో దేవుడికెరుక. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత బొమ్మను అడిగి తీసుకుని తలకిందులుగా కట్టి చూపించింది. ఇలా కడితే వాన వస్తుందట. మీ ఊరికి పట్టుకెళ్ళండి అంది.

అక్టోబరులో కొండలు ఎర్రబడ్డాయి. రాలబోయే ఆకు చూడటానికి రైలెక్కిన మొదటి తనకల్లువాళ్ళం మేమే అయ్యుంటాం. జనవరిలో మోకాటిలోతు మంచు. "ఇన్ని నీళ్ళు పారతో ఎత్తి రోడ్డు పక్కన పారేస్తాండామే!" అని మా ఆయన రోజూ గుండెలు బాదుకున్నాడు.

ఊరికి వచ్చాక మా ఆయన అన్న, మా బావగారు, నవ్వుతూనే ఆ బొమ్మను వసారాలో తలకిందులుగా కట్టారు. జూలై పోయింది, ఆగస్టు పోయింది, చినుకు లేదు. పైరు సగం మాడింది. అక్టోబరులో మిగిలిన చెనిక్కాయ చెట్టు పీకి చేలోనే ఆరబెట్టాం. ఆ మర్నాడే ముసురు పట్టుకుంది. మూడు రోజులకే కాయలు మొలకలెత్తసాగాయి.

బావగారు తడిసిన చెట్టు ఒకటి పట్టుకుని వచ్చారు.

"ఏమ్రా, ఆ యమ్మకు ఫోన్ చెయ్. ఇప్పుడు ఆ బొమ్మ తలకాయ పైకి కడితే వాన ఆగుతాదా అడుగు."

అన్నదమ్ములిద్దరూ టార్పాలిన్ తీసుకుని చేనికి పరుగెత్తారు. నేను వసారాలో నిలబడి చూశాను. ఎర్రమట్టి మీద వాన చాలా అందంగా ఉంది. ఆ మాట ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.