గోడ పక్కన బాదం చెట్టు

మావారు పసుపు మార్కెట్లో, బస్తాల మధ్యనే పోయారు. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తా ఆయన. వేలం నడుస్తుండగా గుండె పట్టుకుని కూర్చున్నారట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఇంటికి తెచ్చినప్పుడు ఆయన గోళ్లలో పసుపు ఉంది. అది చూశాను. ఏడుపు రాలేదు.

దినాలయ్యాక బడికి వెళ్లి ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పాను. రోజూ సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, వరండాలో కూర్చునేదాన్ని. మాకు పిల్లలు లేరు. నేను గట్టిదాన్నని చుట్టాలు మెచ్చుకున్నారు.

గేటు లోపల ఉన్న బాదం చెట్టు ఆయన పెట్టిందే. దుకాణాల్లో అమ్మే రకం కాదు, బడుల ముందూ ఆఫీసుల ముందూ గొడుగులా కొమ్మలు చాపే నాటు బాదం. రాలిన కాయ ఒకటి తెచ్చి, నానబెట్టి, రోజంతా ఎండ తగిలే చోట పాతారు. మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం వదలకుండా నీళ్లు పోశారు. ఆ తర్వాత దానికి మా బోరు ఉప్పునీళ్లే చాలాయి. అవి లేనప్పుడూ వాడిపోలేదు. చలికాలంలో ఆకులన్నీ ఎర్రబడి రాలేవి, కొన్నాళ్లకే మళ్లీ చిగురించేది. దాని వేర్లు మాత్రం పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడ కిందికి పోయి, గోడ బీటలు వారేలా చేశాయి.

ఎండాకాలం చివర మా మరిది ఆలూరు నుంచి రంపం మిషన్ ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

“వదినా, వానలు పడ్డంక గోడ కూలుతది. చెట్టు కొట్టేపిద్దాం. ఏమంటవ్?”

“కొట్టేపియ్యి,” అన్నాను.

గోడ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. నాకంటే బాగా పెద్దది. వాడకట్టంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తుంది.

“జర ఆగుండ్రి! కాయలు ఇంక పచ్చిగనే ఉన్నయి. పండనీయుండ్రి. గోడ నాది గూడ కదా, పడితే నేను సూసుకుంట,” అంది.

మరిది నావైపు చూశాడు. “సరే, ఉండనీ,” అన్నాను. రెండుసార్లూ నా గొంతు ఒక్కలాగే ఉంది. గోడ మీదికి వంగిన కొమ్మనూ ఆ వైపు వేరునూ కోయించి వెళ్లిపోయాడు.

వానల్లో కాయలు పండి రాలాయి. గోడ కొంచెం ఒరిగింది గానీ పడలేదు. పైన ఉండే పుల్లటి గుజ్జును వాడకట్టు పిల్లలు చప్పరించి కాయలు పారేసేవారు. ఆపాకు కావలసింది లోపలి పప్పు. కాయలన్నీ ఏరి, కడిగి, ఎండ కాసినప్పుడల్లా ఆరబెట్టింది. ఒక ఆదివారం తట్ట తెచ్చి మా వరండాలో దించింది.

“నా ఒక్కదానితోని అయితలేదు చెల్లె. నువ్వు గూడ ఒక రాయి తీస్కో.”

తీసుకున్నాను. కాయను అంచు మీద నిలబెట్టి కొడితే తప్ప ఆ పెంకు పగలదు. తట్టెడు కొడితే దోసెడు పప్పు. మధ్యలో రాయి జారి నా బొటనవేలి మీద పడింది. ఆపా “అల్లా!” అని నా చెయ్యి లాగి నీళ్ల చెంబులో ముంచింది. నేను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. నొప్పి చాలాసేపటికి గానీ రాలేదు.

“ఏడుపొస్తలేదా?” అంది.

“దేనికీ వస్తలేదు ఆపా.”

“రాకుంటే రాకపాయె. జబర్దస్తీ ఏమున్నది? గా కాయలిటు జరుపు.”

సాయంత్రం ఆ పప్పును నేతిలో వేయించి, దంచి, పాలల్లో సేమియాతో వండి, గిన్నెలో తెచ్చింది. ఆయన పోయాక నేను ఏది తిన్నా, ఉప్పుందో లేదో కూడా తెలియకుండానే మింగేదాన్ని. దీనికి రుచి తెలిసింది. కొంచెం పల్లీలా, కొంచెం పచ్చికొబ్బరిలా ఉంది. గిన్నె ఖాళీ చేశాను.

“ఇంకున్నదా ఆపా?”

ఆమె వెళ్లి, తన వంతు తెచ్చి పోసింది.

అంతటితో నాలో ఏదో మారిందని చెప్పలేను. మర్నాడు మళ్లీ బడి, మళ్లీ భిన్నాలు. ఏడుపు చాలా నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం మోర్తాడ్ బస్సులో నిలబడి ఉండగా, ఏ కారణం లేకుండా వచ్చింది. పక్క సీట్లో ఉన్న ఎవరో ఆడమనిషి నా సంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు జరిగి నాకు చోటిచ్చింది.