పరదా అవతల మా ఆవిడ

పెళ్ళాన్ని జాతరలో తప్పిపోనిచ్చినవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. నేను బస్సులో పోగొట్టుకున్నాను. అదీ ఒకే సాయంత్రం రెండుసార్లు.

నిజాం కాలం. నాంపల్లి అవతల సర్కారు కొత్తగా కట్టించిన క్వార్టర్లలో కాపురం పెట్టాం. గీత గీసినట్టు వీధులు, అచ్చు పోసినట్టు ఇళ్ళు. వీధి చివరికే బస్సు వచ్చేది. దాని నిగనిగలాడే ఒళ్ళూ మెత్తటి సీట్లూ వర్ణిస్తుంటే, విన్నవాళ్ళు ఆ బస్సు నాదేననుకునేవారు. ముందు భాగం ఆడవాళ్ళది, దానికి వేరే తలుపు. మధ్యలో దళసరి పరదా.

జనగామ దగ్గరి పల్లె నుంచి అప్పుడే కాపురానికొచ్చిన మా ఆవిడకు అబిడ్స్ చూపిస్తానని బయల్దేరదీశాను. ఆమె ముందెక్కింది, నేను వెనకెక్కాను.

అబిడ్స్ రాగానే పరదా వైపు తిరిగి, "దిగు, అబిడ్స్ వచ్చింది" అన్నాను. నలుగురిలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవాలంటే సిగ్గు మరి. దిగి, ఆనాటి మగవాళ్ళ రివాజు ప్రకారం వెనక్కి చూడకుండా ముందు నడిచాను. వెనక కడియాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"గిది పెద్ద తపాలాఫీసు. గా అద్దాల దుకాన్ల సీమ సామాను దొరుకుతది. గిటు పోతే గన్‌ఫౌండ్రీ..."

"మంచిగ చెప్తున్నవు బిడ్డా. గని బేగం బజార్ ఎటు?"

తిరిగి చూస్తే మా అమ్మకంటే పెద్దావిడ, నెత్తిన మూటతో.

"నువ్వెవరవ్వా?"

"దిగు అంటివి, దిగిన. ముంగట నడిస్తివి, ఎన్క వచ్చిన."

బస్సు అఫ్జల్‌గంజ్ వైపు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఊళ్ళో ఒక్క ముఖమూ తెలియని పిల్ల. మామగారికి ఏమని చెప్పను?

"ఫికర్ చెయ్యకు. పోయిన బస్సు మళ్ల రాదా?" అంటూ అవ్వ నాతోపాటు స్టాపు దగ్గర కూర్చుంది.

బస్సు తిరిగొచ్చింది. అది ఆగీ ఆగకముందే వెనక తలుపులోంచి లోపలికి ఎగిరి దూకి, సిగ్గు విడిచి, "రాజమ్మా" అని కేకేశాను.

"గామె ఇప్పుడే దిగింది గదయ్యా," అంది పరదా అవతల ఎవరో.

బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే మా ఆవిడ కింద నిలబడి అవ్వతో నవ్వుతూ మాట్లాడుతోంది. తర్వాతి స్టాపులో దిగి, పంచె ఎగ్గట్టి, ఒకటే పరుగు.

"ఏడికి పోయిన్రు?" అంది నెమ్మదిగా.

"నీ కోసమే. భయపడలేదా?"

"భయమెందుకు? దిగు అన్నది నన్నే అని తెల్వకపాయె. బస్సు కదిలినంక కండక్టర్ను అడిగిన. కూసో, గిదే బస్సు మళ్ల అబిడ్స్ పోతదన్నడు. కూసున్న. మూసీ గూడ చూసిన. బేగం బజార్ తొవ్వ గూడ కండక్టరే చూపిండు, అవ్వకు చెప్పిన."

బస్సు గొప్పతనమంతా నాకే తెలుసనుకున్నాను. దాన్ని నమ్మి నిశ్చింతగా కూర్చున్నది ఆమె.

ఇంటికి మళ్ళీ అదే బస్సు. నాంపల్లి దాటుతుండగా పరదా అవతల నుంచి ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది:

"కండక్టరన్నా, ఎన్క మా ఇంటాయన కూసున్నడు. క్వార్టర్ల కాడ జర యాదికి పెట్టుకొని దించు."

"ఔ చెల్లె," అంటూ కండక్టరు వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, మా స్టాపు వచ్చేదాకా తియ్యలేదు.

ఆ పరదా సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ బస్సెక్కినా, మా ఆవిడ దిగిందని కళ్ళారా చూడందే నేలమీద కాలు పెట్టను.