బొమ్మలో నా చోటు

ఈ రోజు నా తొమ్మిదేళ్ళ కూతురు మైత్రి మీద అరిచాను. తప్పు నాదే.

ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న పాత పత్రికల కట్ట పొద్దున కెనడాలో, ఎడ్మంటన్‌లోని మా గుమ్మం ముందు మంచులో పడి ఉంది. విప్పగానే చల్లబడిన పాత కాగితం వాసన. లెస్టర్‌లో నా చిన్నప్పుడు వారం వారం వచ్చిన బొమ్మల విజ్ఞాన పత్రికలవి. అగ్నిపర్వతాన్ని నిలువునా కోస్తే లోపల ఏముంటుందో, ఓడ పొట్టలో ఎన్ని గదులుంటాయో రంగుల్లో చూపించేవి. నేను కాఫీ పెట్టుకుని వచ్చేసరికి మైత్రి ఒక జలాంతర్గామి బొమ్మలో పెన్నుతో అమ్మాయిని గీసేసింది.

"పుస్తకం మీద గీతలా! సరస్వతి అని ఎన్నిసార్లు చెప్పాను?" అని లాక్కున్నాను.

"అందులో నాలాంటివాళ్ళు లేరు, డాడ్. జస్ట్ నన్ను పెట్టుకున్నా," అని ఇంగ్లీషులో చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ మాటతో మిసెస్ హిల్ గుర్తొచ్చి, పత్రిక పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

అమ్మా నాన్నా ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేదాకా నన్ను చూసుకున్న పక్కింటి పెద్దావిడ ఆమె. నాన్న నాకు విజ్ఞాన పత్రికే కొనేవారు. కామిక్స్ చదివితే బుర్ర పాడవుతుందని ఆయన నమ్మకం. మిసెస్ హిల్ తన కోసమంటూ కామిక్ కొనుక్కుని, గొంతులు మార్చి నాకు చదివి వినిపించేది. అల్లరి చేసి తన్నులు తినే పిల్లల కథలకు నాకంటే తనే ఎక్కువ నవ్వేది. పత్రిక తెరిస్తే మాత్రం ఒకటే ప్రశ్న: "ఈ బొమ్మలో నువ్వెక్కడుంటావు, బంగారం?" రోమన్ల శిబిరమైతే నేను గుర్రం మీది సేనాపతిని. ఆమె గరిటె తిప్పుతున్న వంటవాడి మీద వేలు పెట్టేది. "అందరూ గుర్రాలెక్కితే సూపెవరు కాస్తారు?"

ఒక వారం పులివేట బొమ్మ వచ్చింది. అంబారీలో దొర, చుట్టూ డప్పులు కొడుతూ పొదలు తడుతున్న నల్లటి మనుషులు. వాళ్ళకు ముఖాలు కూడా సరిగా గీయలేదు. ఆమె ఎప్పటిలాగే అడిగింది.

"నేనిందులో లేను," అన్నాను.

ఆమె చాలాసేపు ఆ బొమ్మకేసి చూసి, పెన్సిల్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "గీసినాయన మర్చిపోయినట్టున్నాడు. నువ్వే గీసుకో."

దొర పక్కనే నన్ను గీసుకున్నాను, స్కూలు టైతో సహా.

"మరి పులి సంగతేంటి?"

"ఇంటికెళ్ళిపొమ్మన్నాను."

సాయంత్రం నాన్న చూసి మండిపడ్డారు. అచ్చం ఇవాళ నేనన్న మాటలే అన్నారు. మిసెస్ హిల్ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "పెన్సిల్ ఇచ్చింది నేను, డాక్టర్ గారూ. తిట్టేముందు ఒక్కసారి చూడండి, ఎంత దర్జాగా కూర్చున్నాడో!" నాన్న కళ్ళజోడు సవరించుకుని నా బొమ్మను చూశారు. తర్వాత డప్పులవాళ్ళను చూశారు. పత్రిక మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

ఏ కొత్త ఊళ్ళో, ఏ ఆఫీసులో అడుగుపెట్టినా ఇక్కడ నాకూ చోటుందని అనుకోగలిగానంటే అది ఆమె చలవే. అదే ధైర్యం నా కూతురు చేస్తే సహించలేకపోయాను. నా బాల్యం నలగకుండా ఉంటే చాలనుకున్నాను. ఎదురుగా ఉన్న పిల్ల బాల్యం కంటికి ఆనలేదు.

వెళ్ళి మైత్రి గది తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాను. "సారీ, తల్లీ. నీ బొమ్మ సరిగా చూడకుండానే అరిచాను." తలుపు మీద మెల్లగా తట్టాను. "జలాంతర్గామిలో నువ్వేం చేస్తున్నావు?"

లోపలినుంచి, "నడుపుతున్నా," అని వినిపించింది.

కట్ట మొత్తం తెచ్చి తలుపు ముందు పెట్టాను. "ఇవన్నీ ఇక నీవే."

తలుపు కొద్దిగా తెరుచుకుంది. "పెన్నుతో గీసినా?"

"పెన్నుతో గీసినా."

చిన్న చెయ్యి కట్టను లోపలికి లాక్కుంది. తలుపు మళ్ళీ మూసుకుంది. నేనక్కడే కూర్చున్నాను. కొంతసేపటికి పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.