తరిమేదానికా, తప్పించుకునేదానికా

కారుకు పవర్ పెంచమంటే మెకానిక్ ఎవరైనా ఎంత పెంచాలని అడుగుతాడు. ప్రొద్దుటూరులో మా మెకానిక్ భాయ్ మాత్రం బానెట్ ఎత్తి, ఇంజన్ మీదికి వంగి, తలైనా తిప్పకుండా, "తరిమేదానికా సార్, తప్పించుకునేదానికా?" అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను జమ్మలమడుగులో లెక్కల టీచర్ని. మా తాత మిషన్ బడిలో చదువుకుని టీచరయ్యాడు, మా నాన్నా టీచరే. మూడు తరాలుగా మా చేతుల్లో సుద్దముక్క తప్ప ఇంకేమీ లేదు. కలమల్లలో కరెంటు ప్లాంటు ఇంజనీరు ఒకాయన బదిలీ మీద పోతూ తన పాత స్పోర్ట్స్ కారును నాకు అమ్మాడు. ఎర్రది, రెండు తలుపులది, నేలను కరుచుకున్నట్టు ఉండేది. చూడటానికున్న జోరు ఇంజన్‌లో లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ నా భార్యా అందులో గండికోటకు పోయేవాళ్లం. ఎక్కుడులో మలుపు దగ్గరికి రాగానే మూడో గేరులో దగ్గడం మొదలుపెట్టేది. రెండో గేరు వేయక తప్పేది కాదు. ఆ మలుపు మూడో గేరులో ఎక్కాలి, నా కోరికల్లా అదే.

భాయ్‌కి అదే చెప్పాను. ఆయన నమ్మలేదు. అవి ఫ్యాక్షన్ రోజులు. పైగా ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆయన షెడ్డుకు పవర్ కోసం వచ్చే బండ్లు రెండే రకాలు.

"తరిమేదానికైతే జీపు డీజిల్ ఇంజన్ ఎక్కిస్తా సార్, గుంతల్లో గూడా లాగుతాది. తప్పించుకునేదానికైతే హెడ్డు చెక్కిచ్చి రెండు కార్బొరేటర్లు పెడతా. రోడ్డు బాగుంటే ఎవురికీ దొరకవు."

"నన్నెవురు తరుముతారు భాయ్? నేను ఎవురి మనిషినీ కాదు."

"అట్ల ఉండదు సార్. అందరూ ఎవురో ఒకరి మనుషులే" అన్నాడు, ఎంతో మర్యాదగా.

నేను నాలుగు రోజులు ఆలోచించాను. డీజిల్ ఇంజన్ పెడితే ఆ బరువుకు కారు ముక్కు నేలకు ఆనుతుంది. బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేద్దామంటే, పాత ఇంజన్, సిలిండర్ గోడలు తట్టుకుంటాయో లేదో. హెడ్డు కొంచెం చెక్కించి, రెండు కార్బొరేటర్లు, వెడల్పు సైలెన్సర్ పెట్టించడమే మేలని తేల్చుకున్నాను. "అంటే తప్పించుకునేదానికే" అని భాయ్ తల ఊపాడు.

పని అయ్యాక పులివెందులలో మా మామగారికి చూపిద్దామని తీసుకుపోయాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను పక్కకు పిలిచి, "ఎవురు తరుముతాండారు నాయనా నిన్ను? ఏమన్నా ఉంటే నాతో చెప్పు" అన్నాడు. కూతురిని ఇచ్చిన మనిషిది కూడా అదే ప్రశ్న. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ ఆదివారం మాత్రం మూడో గేరులోనే మలుపు ఎక్కాం. నా భార్య పైదాకా నవ్వుతూనే ఉంది. అంత సంతోషం ఆ కారు మాకు ఇచ్చింది ఆ ఒక్క రోజే.

వారం తిరగకముందే బడికి ఒక పార్టీ మనిషి వచ్చాడు. "అన్న అడగమన్నాడు సార్. నీ కారు శానా పోతాదంట గదా. ఎలక్షన్లు అయ్యేదాకా మా కాడ ఉండనీ" అన్నాడు. రెండు రోజులకు అవతలి పార్టీ మనిషి వచ్చి ఆ మాటే అన్నాడు. ఒకరికి ఇస్తే రెండోవాళ్లకు శత్రువును. ఇవ్వకపోతే ఇద్దరికీ. నా కష్టార్జితంతో కొనుక్కున్న కారు, నా భార్యతో షికారు పోవడానికి పవర్ పెంచుకున్న కారు. దాన్ని అడగడానికి వీళ్లెవరు? ఆ మాట వాళ్ల మొహాన అనలేకపోయాను. అనలేకపోయినందుకు నా మీద నాకు ఇంకా ఎక్కువ కోపం.

భాయ్ దగ్గరికే పోయాను. అంతా విని, "ఉన్న పవర్ పీకేద్దాం సార్" అన్నాడు. కొత్త కార్బొరేటర్లు తీసి పాతది ఒకటి బిగించి, పెట్రోలు అవసరానికి మించి పోయేట్టు తిప్పాడు. హెడ్డు చెక్కిన లాభం పోయేట్టు దాని కింద మందం గాస్కెట్ వేశాడు. టైమింగ్ వెనక్కి తిప్పాడు. బిడ్డకు మందు తాగించినంత జాగ్రత్తగా నా కారును పాడు చేశాడు.

మొదటి పార్టీ మనిషి వచ్చి బస్టాండు దాకా తోలి చూశాడు. తిరిగొచ్చేసరికి వెనక వీధంతా నల్లటి పొగ. "ఇదేంది సార్, ఉత్త పొగే. దీంట్లో నువ్వే తిరుగు" అని తాళాలు నా చేతిలో పెట్టి నవ్వుతూ పోయాడు. ఆ కబురు విని అవతలివాళ్లు మళ్లీ రానేలేదు. నేను ఎవరి మనిషినీ కానంటే ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. పొగను మాత్రం చూసిన వెంటనే నమ్మారు.

ఆ కార్బొరేటర్లు పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. ఎన్నికలు అయ్యాక బిగిద్దామనుకున్నాను. అవి పోతే పంచాయతీవి వచ్చాయి, తర్వాత మండలానివి. కనిపించినప్పుడల్లా భాయ్ "పెట్టేద్దామా సార్?" అంటాడు. "ఈ ఎలక్షన్లు పోనీ భాయ్" అంటాను.

ఆదివారాలు గండికోటకు ఇప్పటికీ పోతాం. మలుపు రాకముందే నా భార్య, నా వైపు చూడకుండా, "రెండో గేరెయ్యప్పా" అంటుంది.

వేస్తాను.