తెర పక్కన స్టూలు

మా వదిన కంటికి తిరుగులేదని ఊరంతా అనేది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మాత్రం చాలా కాలం పట్టింది. ఆడపడుచుని కదా, అంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ఇక ఆ హోదా ఎందుకు? ఫొటో స్టూడియోలో ముందు గది కౌంటరు నాది, వెనక గది కంప్యూటరు ఆమెది. ఫొటోలు తీసేవాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ళు తెచ్చినవాటికి రంగులు సరిచేసేది ఆమె ఒక్కతే. అందరూ ఆమెను రంగులమ్మ అనేవాళ్ళు. ఎదురుగా అంటే ఎక్కడలేని కోపం వచ్చేది, చాటుగా అన్నారని తెలిస్తే మురిసిపోయేది.

వెనక గదికి కిటికీ లేదు. గోడలకు బూడిద రంగు వేయించింది, లైటు కూడా తెల్లటి ట్యూబు ఒక్కటే. గోడ ఎర్రగా ఉన్నా, పచ్చగా ఉన్నా కన్ను మోసపోతుందని ఆమె పట్టుదల. నాకు ఆ గదిలోకి వెళ్తే ఊపిరాడేది కాదు. తెర మీద ఎవరెవరివో ముఖాలు, ఉన్నదానికంటే పెద్దవై, రెప్ప వేయకుండా మనవైపే చూస్తుంటాయి. తెర పక్కన ఒక స్టూలు ఉండేది. అది మా అన్నయ్యది.

అన్నయ్యకు పక్కనే తాళాలు బాగుచేసే కొట్టు. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి ఆ స్టూలు మీద కూర్చోవడం ఆయన రెండో ఉద్యోగం. వదిన తన తెర రంగు సరిచూసుకునేది ఆయన ముఖంతోనే మరి! పెళ్ళైన కొత్తలో తీసిన ఆయన ఫొటో ఒకటి తెర మీద పెట్టేది. పక్కన మనిషిని కూర్చోబెట్టేది. కాసేపు అటు, కాసేపు ఇటు చూస్తూ, రెండు ముఖాలూ ఒకే రంగులోకి వచ్చేదాకా తెర కింద ఉన్న బటన్లు నొక్కుతూ ఉండేది.

"తెర రంగు కొలిచే పరికరాలు వచ్చాయమ్మా, అతికిస్తే చాలు, అదే సరిచేసేస్తుంది" అని మాకు ప్రింట్లు వేసే ల్యాబు ఆయన ఒకసారి చెప్పబోయాడు.

"ఇంట్లో మనిషిని పెట్టుకుని యంత్రాన్ని నమ్మమంటారా?" అని ఆయన నోరు మూయించింది వదిన.

"నాకైతే కరెంటు కూడా అక్కర్లేదు, టీ పోస్తే చాలు" అన్నాడు అన్నయ్య.

మీ దగ్గర ఒకలా, మా ఫోనులో ఒకలా ఉందేమిటని అడగని కస్టమరు ఉండడు. వాళ్ళకు చెప్పాల్సిన సమాధానం వదిన నాకు ఎప్పుడో నూరిపోసింది. ఫొటోలో ఉండేవి రంగులు కావు, అంకెలు. ఏ అంకె అంటే ఏ ఎరుపో చెప్పడానికి ఫొటో వెంట ప్రొఫైల్ అని ఒక చీటీ వెళ్తుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ చీటీ చదువుతాయి, కొన్ని కన్నెత్తి చూడవు. చదివినా, ఒక్కో తెర చూపించే ఎరుపు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకచోట ఎర్రబడుతుంది, ఇంకోచోట వెలిసిపోతుంది. ఇది చెప్పీ చెప్పీ నాకు నోటి నెప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

ఒకరోజు ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. "మా అమ్మాయి ముఖం చూడండి. నీళ్ళలోంచి బయటికి తీసినట్టుంది!" అన్నాడు. నా పాఠం మొదలుపెట్టాను. ఆయన వినలేదు. తన ఫోను, అల్లుడి ఫోను, ఒక ల్యాప్‌టాప్ వరసగా కౌంటరు మీద పెట్టాడు. మూడింటిలోనూ పెళ్ళికూతురు నీలంగా ఉంది. నవ్వుతోంది, కానీ పెదవుల్లో రక్తం లేదు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఒక తల్లి తన పసిపాప ఫొటోలు తిరిగి ఇచ్చేసింది. "ఇంట్లో పెట్టుకోలేనండీ. పాప ఊపిరాడక బిగుసుకుపోయినట్టుంది, చూస్తే భయమేస్తోంది" అంది.

వదిన తెర మీద మాత్రం ఆ పాప బుగ్గలు ముద్దొచ్చేట్టున్నాయి. ఆమె ముందు నవ్వేసింది. తర్వాత అందరి ఫోన్లూ తెప్పించి, ఒకే ఫొటోను ఈ ప్రోగ్రాములో, ఆ ప్రోగ్రాములో తెరిచి చూసింది.

"తెరలు ఎప్పుడూ ఒక మాట మీద ఉండవు అమ్మాయ్" అంది చివరికి. "ఒకటి ఎరుపంటే ఒకటి కాదనాలి. ఇవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకటే అంటున్నాయి."

నేను ఆ ఫోన్లన్నీ ఏరి ఎవరివి వాళ్ళకు ఇచ్చి పంపేశాను.

తెర పాతబడిందనుకుని కొత్తది కొన్నాం. అన్నయ్యను కూర్చోబెట్టి సరిచేసింది. కొన్ని వారాలు తిరక్కుండానే, స్టూలు మీద ఆయన కూర్చున్నప్పుడు, "కొత్తదానికీ నీలం ఎక్కిందేమిటి?" అంటూ మళ్ళీ పసుపు పెంచింది. ఆమెకు ఫొటో నీలంగా కనబడుతోంది, మనిషి మామూలుగా ఉన్నాడు మరి. ఆ తర్వాత వచ్చిన పెళ్ళికూతుళ్ళు ఇంకా నీలబడ్డారు.

వదిన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. కళ్ళకేమీ లేదన్నాడట. ఆమె నమ్మలేదు. "నా కళ్ళు పోతున్నాయి. అవి పోతే ఇక నేనెవరిని?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతటి గడుసు మనిషి అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. నేను వెళ్ళి కౌంటరు దగ్గర దొరికినవాళ్ళందరితో గొడవ పెట్టుకున్నాను.

"నీ కళ్ళు బంగారంలాంటివే. కావాలంటే ఇంకాసేపు కూర్చుంటా, చూసుకో" అన్నాడు అన్నయ్య, చేతులు గోక్కుంటూ. ఆ మధ్య ఆయన ఎప్పుడూ గోక్కుంటూనే ఉండేవాడు, స్టూలు మీదే కునుకు తీసేవాడు. తాళాల తుప్పు ఒంటికి పట్టిందని నేను ఆటపట్టించేదాన్ని.

చివరికి నేనే పోట్లాడి ల్యాబు ఆయన్ని రప్పించాను. ఆయన ఆ పరికరాన్ని తెరకు అతికించాడు. తెర తనంతట తాను ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు చూపించుకుంటూ పోయి ఆగింది. ఏదో పసుపు పొర ఒలిచేసినట్టు వెలుగు మారిపోయింది. వదిన సరిచేసిన ముఖాలన్నీ మా తెర మీద కూడా ఇప్పుడు నీలంగానే ఉన్నాయి.

"తెరను మరీ పసుపుకు తిప్పేశారమ్మా. దాంతో మీకు అందరూ పసుపుగా కనబడ్డారు, మీరు ఆ పసుపు తీసేస్తూ పోయారు. అంతే!" అని ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

"హమ్మయ్య, పీడ వదిలింది! కళ్ళూ లేదు, పాడూ లేదు" అన్నాను నేను. నిజంగా ఎగిరి గంతేయాలనిపించింది.

వదిన కదల్లేదు. "నేను ఊరికే తిప్పలేదు. ఆయన్ని చూసే తిప్పాను" అంది.

పాత ఫొటో తెరిచింది. "ఏమండీ, ఒకసారి వచ్చి కూర్చోండి. ఆ కళ్ళజోడు తీయండి" అంది. ఎండకని కొనుక్కున్న ఆ గోధుమ రంగు అద్దాలను అన్నయ్య ఇంట్లో కూడా తీసేవాడు కాదు.

తెర మీద మా అన్నయ్య చామనఛాయలో, నెత్తురు నిండిన ముఖంతో ఉన్నాడు. పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి పాత వార్తాపత్రిక రంగులో ఉన్నాడు. కళ్ళలో తెలుపన్నదే లేదు. ఇంట్లో పసుపు బల్బుల కింద రోజూ కాస్త కాస్త మారుతుంటే మేమెవరమూ చూడలేదు. చూసింది ఆ తెర ఒక్కటే. దాన్ని వదిన ఎప్పటికప్పుడు ఆయనకు సరిపోయేట్టు మార్చేస్తూ వచ్చింది.

"ఏంటే ఇద్దరూ అలా చూస్తున్నారు?" అన్నాడు అన్నయ్య.

"నా కళ్ళు బాగానే ఉన్నాయండీ" అంది వదిన. "పోయినా బాగుండేది."

కాలేయం చాలాకాలంగా పాడవుతోందని, ఆ గోకుడూ ఆ కునుకులూ దానివల్లేనని ఆసుపత్రిలో చెప్పారు. మందులు పనిచేస్తే రంగు తిరిగొస్తుందన్నారు. డాక్టరు మా ఇద్దరినీ బయటికి పిలిచి, "మళ్ళీ పసుపు ఎక్కిందంటే మాత్రం మందులకు లొంగనట్టే. అప్పుడిక మా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు.

రంగు తిరిగొచ్చింది. పరికరం కొన్నాం. ఇప్పుడు వదిన పొద్దున్నే దానితో తెరను సరిచేసుకుంటుంది, బటన్ల జోలికి పోదు. అయినా స్టూలు అక్కడే ఉంది. సాయంత్రం అన్నయ్య వచ్చి కూర్చుని కళ్ళజోడు తీస్తాడు. సరిచూసేది ఇప్పుడు తెరను కాదు.

"ఏమోయ్, సరిగ్గానే ఉన్నానా?" అని అడుగుతాడు.

"ఉన్నారు" అంటుంది వదిన. ఆ మాట వినబడేదాకా నేను గుమ్మంలో ఊపిరి బిగబట్టుకుని నిలబడతాను. తర్వాత వెళ్ళి షట్టరు దించుతాను.

నిన్న సాయంత్రం కూడా కూర్చున్నాడు, కళ్ళజోడు తీశాడు, అడిగాడు. వదిన తెరను చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ తెరను చూసింది.

"ఏమోయ్?" అన్నాడు నవ్వుతూ.

"తెరకు మళ్ళీ నీలం ఎక్కిందండీ" అంది.

ఆ పొద్దునే పరికరం పెట్టి తెరను సరిచేసింది నా కళ్ళముందే. వద్దు వదినా, దాన్ని ముట్టుకోకు అని అరవబోయాను. అప్పటికే ఆమె చెయ్యి తెర కిందికి వెళ్ళింది. బటను నొక్కింది, చూసింది, మళ్ళీ నొక్కింది. రెండు ముఖాలూ ఒకే రంగులోకి వచ్చేదాకా నొక్కుతూనే ఉంది.

"ఉన్నారు" అంది. "ఇప్పుడు సరిగ్గా ఉన్నారు."