మావయ్య ఎంచుకున్న చిన్న బండి

మా మావయ్య పోయాడు. పదిహేను రోజుల కిందట, బరంపురంలో, పొద్దున్నే కాఫీ తాగి పేపరు చూస్తూ కుర్చీలోనే. గుండె అన్నారు. మా అమ్మకు తమ్ముడు, రైల్వేలో రిటైరైన మనిషి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా సుఖంగా పోయాడన్నారు. పోవడం సుఖంగానే పోయాడు. చివరి రెండేళ్లూ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టేసింది మాత్రం నేను. ఆ మాట అక్కడ చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను.

ఆదివారం వస్తే తన పాత బండి హ్యాండిల్‌కు సంచీ తగిలించి, సముద్రం ఒడ్డున తెలుగు జాలర్లుండే మార్కండి వెళ్లేవాడు. చేపలు ఒక వంక. "ఈదిలో ఒడియా మాటాడి మాటాడి నోరు అరిగిపోనాదిరా. అక్కడికెల్తే తెలుగులో తిట్టించుకునైనా వస్తాను" అనేవాడు. కానాగంత చేపల బేరం దగ్గర ఆ ఒడ్డు ఆడవాళ్లు నిజంగానే తిట్టేవారు. నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు.

తర్వాత చెవిలో ఏదో తేడా చేసి తూలడం మొదలైంది. బండి నడుస్తున్నంతసేపూ బాగానే ఉండేవాడు, ఆపాలంటేనే గండం. రైలు గేటు దగ్గర ఒకసారి బండితో సహా పడ్డాడు. డాక్టరు మందులిచ్చి, కొన్నాళ్లు బండి ఆపించి, తూలడం తగ్గాక, "తేలికైన బండి కొనుక్కోండి, తల బాగున్న రోజునే నడపండి" అన్నారు. మావయ్యకు పండగే.

షాపుకు నేనే తీసుకెళ్లాను. మైలేజీ అడగలేదు, రంగు చూడలేదు. ఒక్కో బండీ ఎక్కడం, రెండు పాదాలూ నేలకు ఆనించడం, కాసేపు కళ్లు మూసుకోవడం. ఆఖరికి ఒక పొట్టి మోపెడ్ మీద కళ్లు తెరిచి నవ్వాడు.

"ఇదిరా! బండి మన మాట ఇనాల గానీ, మనం బండి మాట ఇనకూడదు."

పక్కనే పెద్ద మోటారు సైకిల్ ఉంది. నా కన్ను దాని మీద ఎప్పటినుంచో ఉంది. మిగతా రోజుల్లో నేను తిప్పుకోవచ్చని ఆశ.

"ఇదేటి మావయ్యా, పాల క్యాన్లేసుకునే బండి! దీని మీద తిరిగితే నలుగురూ ఏటంటారు?"

"తల తిరిగేది నాకురా, నలుగురికీ కాదు."

నేను మొహం ముడుచుకున్నాను. ఆయన కాసేపు నా వైపే చూసి, "సర్లే, అల్లుడు సెప్పినాక ఇంకేటుంది" అని పెద్దదే కొన్నాడు.

గుడి ముందు పూజ చేయించాం. నిమ్మకాయలు బండి కొన్నవాడే తొక్కించాలన్నాడు పంతులు. తొక్కించాడు. ఆపేసరికి బండి ఒరిగిపోయింది, నలుగురం పరుగెత్తి పట్టుకున్నాం. ఎవరో నవ్వారు. మావయ్య తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉండనీరా. ఆదోరం ఆదోరం నన్ను తీసుకెల్దువు గాని."

మళ్లీ దాన్ని నడపలేదు. మార్చేసి చిన్నది తెచ్చుకుందాం అనడానికి నాకు నోరు రాలేదు. బండి నచ్చింది మరి, సిగ్గులేనివాణ్ణి.

మొదటి నెల అన్ని ఆదివారాలూ తీసుకెళ్లాను. తర్వాత రెండు. ఆ తర్వాత ఎప్పుడూ ఏదో పని. వచ్చే వారం వెళ్దామని ఫోన్ చేస్తే, "పర్లేదురా, సేపలెక్కడికి పోతాయి" అనేవాడు. ఒక్కసారీ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

మొన్న ఆదివారం అత్తయ్యను పలకరిద్దామని ఆ బండి మీదే వెళ్లాను. వాకిట్లో ఇంకా ఇంజను ఆపనేలేదు, వంటింట్లోంచి ఆవిడ కేకేసింది.

"ఇదిగో, అల్లుడొచ్చేడు. సొక్కా తొడుక్కోండి. ఇవాళైనా ఎల్లొద్దురు గాని."

ఆ తర్వాత లోపల గరిట చప్పుడు ఆగిపోయింది.